ఎండాకాలంలోనే కాయ తేలిపోతది

అందరికీ వందనాలు, ప్రైజ్ ద లార్డ్. వెనక కూర్చున్నోళ్లకు మైక్ వినబడుతుందా? సరే. పాస్టర్ గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చిన్రు. నాకు ప్రసంగాలు రావు, సండే స్కూల్‌లో పిల్లలకు చెప్పినట్టే చెప్తా, ఏమనుకోకండి.

యోహాను సువార్త 15వ అధ్యాయం తీయండి. "ద్రాక్షావల్లిని నేను, తీగెలు మీరు." మనలో సగం మంది ఇండ్లల్ల క్యాలెండర్ మీద ఉండే వాక్యమే ఇది, రోజూ కనబడుతది కాబట్టే మళ్లీ చదవం.

మా నాయిన శామీర్‌పేట దిక్కు ద్రాక్ష తోటల్ల కూలికి కటింగ్ పని, అంటే తీగెలు కత్తిరించే పని, చేసేటోడు. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు గానీ శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్ష తోటలే, అనాబ్ షాహి అని పొడుగు కాయ, లోపల గింజలు ఉంటయి. ఇప్పుడు అక్కడ వెంచర్లు, ఫామ్‌హౌస్‌లు. రాతి కడీలు పాతి, పైన వైర్లు గుంజి పందిరి వేసేది, దాని కింద నిలబడి తల పైకెత్తి పొద్దంతా కోసుడే, సాయంత్రం మా నాయిన మెడ తిప్పలేకపోయేటోడు.

మన దగ్గర ద్రాక్షకు ఏడాదికి రెండు కటింగ్‌లు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. కాయ మాత్రం ఒక్కసారే, సంక్రాంతి దాటినంక మొదలై ఎండలు ముదిరే దాకా. కాయ ఒక్కసారే వచ్చినప్పుడు రెండుసార్లు ఎందుకు కోస్తరు అని నేను చిన్నప్పుడు అడిగితే, ఏప్రిల్‌లో కోసేది కాయ కోసం కాదు బిడ్డా, కాడ కోసం అన్నడు. నాకు అప్పుడు ఏం అర్థం కాలే. తర్వాత తెలిసింది, ఏప్రిల్ కటింగ్ అయినంక కొత్త కాడలు వస్తయి, ఆ కాడ మీద ఆకు ఆకు దగ్గర ఒక కన్ను, అంటే చిన్న మొగ్గ, ఉంటది, ఆ కంట్లో నుంచి రేపు గుత్తి రావాల్నా ఉత్త ఆకే రావాల్నా అన్నది నెలన్నర రెండు నెలల్లో లోపలే తేలిపోతది, ఆ టైంలో కాడకు ఎండ తగలాలి, మొదలు నుంచి నీరు రసం అందాలి. బయటికి చూస్తే ఏం ఉండదు, ఉత్త పచ్చగా ఆకులు, అంతే. అక్టోబర్‌లో కోసినంక కన్ను విచ్చుకుంటది, లోపల గుత్తి ఉంటే వస్తది, లేకుంటే అప్పుడు ఎంత ఎరువు వేసినా రాదు.

ఇప్పుడు వాక్యంలోకి రండి. యేసయ్య ఈ మాట ఎప్పుడు చెప్పిండో చూడండి, ఆఖరి రాత్రి, భోజనం అయిపోయింది, యూదా ఇస్కరియోతు అప్పటికే లేచి బయటికి పోయిండు. మిగిలినోళ్లు పదకొండు మంది, ఇంకొన్ని గంటలైతే వీళ్లు కూడా తలో దిక్కు పారిపోతరు. కోడి కూయకముందే మూడుసార్లు నన్ను ఎరుగనంటవని పేతురుకు మొహం మీదే చెప్పిండు కూడా. అట్లాంటోళ్లకే "నాయందు నిలిచియుండుడి" అంటడు, దానికి ముందే "మీరిప్పుడు పవిత్రులై యున్నారు" అంటడు. గ్రీకులో తీగెను కత్తిరించి శుభ్రం చేసే మాట, ఈ పవిత్రులు అనే మాట ఒకే వేరు నుంచి వచ్చినయి, తెలుగులో చదివితే అది తెలియదు. "నేను మీతో చెప్పిన మాటనుబట్టి" అన్నడు, అంటే ఆయన కత్తెర ఆ మాటే.

ద్రాక్ష కట్టె గురించి యెహెజ్కేలు 15లో ఇంకో మాట ఉంది, గిన్నెలు తగిలించనీకి మేకు చేసుకుందామన్నా ఆ కట్టె పనికిరాదట. నిజమే, మా ఇంట్ల కోసిన కాడలు పొయ్యిలోకే పోయేటివి, అది కూడా మంట ఎక్కువసేపు నిలవదని మా అమ్మ తిట్టుకునేది. వేప కొమ్మ విరిగితే పంటి పుల్లకన్నా వస్తది, ద్రాక్ష తీగె తెగితే ఇంక దేనికీ రాదు. "నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు" అంటే ఏమియు అనే.

నా సంగతే చెప్తా. కొయిర్‌లో నేనే, సండే స్కూల్‌లో నేనే, క్రిస్మస్ డెకరేషన్‌లో నేనే, శుక్రవారం ఉపవాస కూడికకు అందరికంటే ముందు చాపలు పరిచేది నేనే. అదే టైంలో మా తోడికోడలుతోని నాలుగేండ్లు మాట లేదు, అత్తమ్మ గొలుసు దగ్గర లొల్లి, గొలుసు ఎంతుంటది, రెండు తులాలు. ఆమె ఎదురుగా వస్తే ఆటో కోసం చూస్తున్నట్టు మొహం తిప్పుకునేదాన్ని, పక్కన ఆటో లేకున్నా. అటు నుంచి అటే చర్చికి పోయి పిల్లలకు ఆత్మ ఫలము నేర్పించేదాన్ని, ప్రేమ, సంతోషము, సమాధానము, తొమ్మిదీ తప్పు లేకుండా. ఒక పాప అడిగింది, ఆంటీ, తొమ్మిది ఉన్నయి కదా, మరి ఫలాలు అని ఎందుకు లేదు అని. గలతీయులకు 5లో ఫలము అనే ఉంది, ఒక్కటే. తొమ్మిదిట్ల నాకు వీలైన ఆరు తీసుకుంటా, దీర్ఘశాంతము మా తోడికోడలుకు వదిలేస్తా అంటే కుదరదన్నమాట. ఆ పిల్లకు ఏదో చెప్పి తప్పించుకున్న.

పని ఎక్కువ ఉంటే ఫలం ఉన్నట్టే అనుకుంటం మనం. మన గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ప్రార్థన మందిరం ఉంది కదా, అక్కడి భక్త సింగ్ గారు పంజాబీ సిక్కు కుటుంబం నుంచి వచ్చి దేశమంతా తిరిగి వాక్యం చెప్పినాయన, 2000 సెప్టెంబర్‌లో ప్రభువు దగ్గరికి పోయిండు, కానీ చివరి ఏండ్లు మంచం మీదే. స్టేజీ లేదు, మైకు లేదు. అప్పుడు ఆయన తీగె తెగిపోయినట్టా? మోకాళ్ల మీద అంతకుముందు ఎన్ని గంటలు గడిపిండో ఆయన్ని చూసినోళ్లు ఇప్పటికీ చెప్తరు. బయటికి ఏం కనబడకుండా లోపల గుత్తి తయారయ్యే ఏప్రిల్, మే నెలలు అంటే అవి.

మనకు ఆ నెలలు లేవు, ఇది నా బాధ. పొద్దున కండ్లు తెరవంగనే ఫోన్, వాట్సాప్‌లో ఎవరో పంపిన వాక్యం ఫోటో, దానికి ఆమెన్ కొట్టి నలుగురికి ఫార్వర్డ్ చేసి ప్రార్థన అయిపోయిందనుకుంటం. నేనూ అంతే ఉంటి. ఇప్పుడు చేసేది పెద్దదేం కాదు, నల్లా వచ్చే టైం నాలుగున్నర, బిందెలు నిండే దాకా ఎట్లాగూ లేచే ఉండాలి, ఫోన్ లోపల పెట్టి బైబిల్ తెచ్చుకుని మెట్ల మీద కూర్చుంటా. ఒక్కోరోజు కునుకు తీస్తా, అబద్ధమెందుకు. చాన రోజులు ఏం అనిపించలే కూడా. ఎప్పుడో ఏడెనిమిది నెలలకు ఒకనాడు అక్కడ కూర్చున్నప్పుడే మా తోడికోడలు గుర్తొచ్చింది, కోపం రాలే, మోకాలి ఆపరేషన్ అయిందంట కదా ఎట్లుందో అనిపించింది, నాకే విచిత్రం అనిపించింది.

ఫోన్ చేసిన. నాలుగు నిమిషాలు మాట్లాడినం, అంతా మోకాలి గురించే, గొలుసు మాట ఆమె తీయలే, నేను తీయలే. మొన్న క్రిస్మస్‌కు కేక్ చేసి పంపించింది, అడుగున జర మాడింది, మా ఆయన చాకుతోని ఆ మాడింది గీకిండు, మిగిలింది పిల్లలు, మేము కూర్చొని మొత్తం తిన్నం.