పోగు తెగితే మగ్గం ఆగాలి

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సూపర్‌వైజర్లు, షిఫ్ట్ ఇన్‌చార్జులే ఎక్కువ. మీ చేతికింద పనిచేసేవాళ్లు రోజూ కొత్తది నేర్చుకోవాలంటే మీరేం చేయాలో చెప్పమన్నారు. నాకు తెలిసిన మగ్గం దగ్గర నుంచే మొదలుపెడతాను.

చేమగ్గం మీద పోగు తెగితే నేతగాడి చేతికి తెలిసిపోతుంది. ఆగి ముడి వేస్తాడు. పాతకాలపు మరమగ్గానికి ఆ ఇంగితం ఉండేది కాదు, చూసేవాడు లేకపోతే గజాల కొద్దీ పాడుగుడ్డ నేసేసేది. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన ఆటోమేటిక్ మగ్గం మాత్రం పోగు తెగగానే తనంతట తానే ఆగిపోయేది. ఆయన కొడుకు కీచిరో మొదలుపెట్టిన కార్ల కంపెనీయే టయోటా. అక్కడ కారు ఒక్కో చోటు దాటుతూ తయారయ్యే అసెంబ్లీ లైన్ వెంట ఒక తాడు కట్టారు. తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు. లాగగానే బోర్డు మీద దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ పరుగున వచ్చి అతని పక్కన నిలబడతాడు. కారు ఆ చోటు దాటేలోగా సరిచేస్తే లైన్ నడుస్తూనే ఉంటుంది, లేకపోతే ఆగుతుంది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ అనే అమెరికా కంపెనీ కార్ల ప్లాంటు 1982లో మూతపడింది. లైన్ ఆపడమంటే అక్కడ పెద్ద నేరం. 1984లో టయోటాతో కలిసి అదే ప్లాంటును తెరిచినప్పుడు, పనిలోకి తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పాతవాళ్లే. కొన్ని వందల మందిని జపాన్ పంపి పని చూపించారు. కొద్దికాలంలోనే ఆ చేతుల మీదుగానే నాణ్యమైన కార్లు వచ్చాయి. అయినా ఆ పద్ధతిని మిగతా ప్లాంట్లలో నాటడానికి జనరల్ మోటార్స్ ఏళ్ల తరబడి తంటాలు పడింది. తాడు ఎవరైనా కట్టగలరు. లాగినవాడి దగ్గరికి వచ్చే మనిషి ముఖం ఎలా ఉందన్నదే అసలు సంగతి.

నా ముఖం బాగాలేదు. ఒక మిల్లులో షిఫ్ట్ చూస్తున్న రోజుల్లో, కొత్తగా చేరిన కుర్రాడు అనుమానం వచ్చి లూమ్‌ని, అంటే మరమగ్గాన్ని, ఆపాడు. అందరి ముందూ కేకలేశాను. ఆ తర్వాత నెలల పాటు నా షిఫ్టులో ఎవరూ లూమ్ ఆపలేదు. అది క్రమశిక్షణ అనుకున్నాను. గుడ్డ తనిఖీ బల్ల మీదికి చేరాక తెలిసింది, ఎన్ని లోపాలు నోరు మూసుకుని నడిచొచ్చాయో.

ట్రైనింగ్ క్లాసులు, సర్టిఫికెట్లు వద్దనను. పెట్టండి. కానీ డ్యూటీ దిగాక, కడుపు కాలుతున్న వేళ పెట్టకండి. షిఫ్టులోంచే ఇరవై నిమిషాలు తీసివ్వండి, ఆ మేరకు ఉత్పత్తి లెక్క తగ్గించండి. తెలియనిది ఎదురైతే "నాకు తెలీదు, నువ్వు చూపించు" అని మీరే ముందు అనండి. ఇది నోటికి రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

తర్వాత ఆ షెడ్డులోనే అందరినీ పిలిచి, లూమ్ ఆపినందుకు ఎవరినీ ఏమీ అననని చెప్పాను. మొదటి వారం ఎవరూ నమ్మలేదు. రెండో వారం ఒకమ్మాయి ఆపింది. నేను వెళ్లేసరికి భయంతో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. "ఏం కనిపించిందమ్మా?" అన్నాను. రీడ్‌లో, అంటే పోగులు దూరే దువ్వెనలాంటి చట్రంలో, ఒక తీగ వంగి, పోగును ఒరుసుకుంటోందని వేలుపెట్టి చూపించింది. ఆ లూమ్ ముందు నుంచి నేను రోజుకు పదిసార్లు నడిచేవాణ్ని.