సెమినరీ ఆఖరి ఏడాది: ఏ పేపరు తీసుకోవాలి?

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం చాలా కొద్దిమందికి సంబంధించినదిలా కనిపిస్తుంది గానీ, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత బాప్టిస్టు సంఘాలున్న ఊళ్ళలో, బొబ్బిలి తీసుకోండి, టెక్కలి తీసుకోండి, సెమినరీకి, అంటే పాస్టర్లని తయారుచేసే కాలేజీకి, వెళ్ళిన కుర్రాడో అమ్మాయో ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. వాళ్ళ అమ్మానాన్నలు కూడా వింటే మంచిదే. ఎందుకంటే అక్కడ చదివే బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, చివరికొచ్చేసరికి తప్పనిసరి పేపర్లు చాలావరకు అయిపోయి, ఎలక్టివ్‌లు ఎంచుకోమని ఒక ఫారం చేతికిస్తారు. అది పట్టుకుని పిల్లలు ఇంటికి ఫోన్ చేస్తే, "నీకు తెలీదా నాయనా, ఏదో ఒకటి రాసేయ్" అని ఇంట్లోవాళ్ళు పెట్టేస్తారు.

పిల్లలు ఎలా ఎంచుకుంటారో అందరికీ తెలిసిందే. ఏ సారు మార్కులు ధారాళంగా వేస్తారు, ఏ క్లాసు పొద్దున్నే ఉండదు, రూమ్మేట్ ఏది రాశాడు. థీసిస్ టెన్షన్ నెత్తి మీద ఉన్నప్పుడు ఒక తేలిక పేపరు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు, ఒకటి తీసుకోండి. మిగతావాటికి మాత్రం నేను చెప్పేది ఒక్కటే: పుస్తకం కొనుక్కుని మీ ఊళ్ళో మీ ఇంట్లో కూర్చుని చదువుకోగలిగిన పేపరు వదిలేయండి, పక్కన గురువు ఉంటే తప్ప రానిది తీసుకోండి. ఊరికొచ్చి సంఘం బాధ్యత మీద పడ్డాక మళ్ళీ ఆ గురువు దొరకడు.

అలాంటివాటిలో మొదటివి భాషలు. పాత నిబంధన చాలావరకు హీబ్రూలో ఉంది, దానియేలు, ఎజ్రా గ్రంథాల్లో కొంత భాగం అరామిక్‌లో ఉంది, కొత్త నిబంధన గ్రీకులో ఉంది. హీబ్రూకి ఇరవై రెండే అక్షరాలు, మన యాభై ఆరు దిద్దినవాళ్ళకి అదేం లెక్క! కానీ కుడి నుంచి ఎడమకి చదవడం, క్రియాపదాలు గుర్తుపట్టడం రోజూ ఎవరైనా దిద్దబెడితేనే వస్తాయి. మొదటి ఏళ్ళలో నేర్చుకున్న కాస్త గ్రీకునీ ఆఖరి ఏడాది వదిలేస్తే, రెండేళ్ళు తిరక్కుండానే అక్షరాలు కూడా మర్చిపోతారు. ముందు ముందు పాత నిబంధనలో ఆ పై పట్టా, ఎం.టిహెచ్., చెయ్యాలనుకుంటే హీబ్రూ, కొత్త నిబంధనలో అయితే గ్రీకు అడుగుతారు, అది కూడా ఇప్పుడే చూసుకోవాలి.

రెండోది కౌన్సెలింగ్, అందులోనూ ఆసుపత్రిలో చేయించే శిక్షణ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన జిల్లాలో పాస్టరు అయ్యగారికి దీనంత అక్కరకొచ్చేది ఇంకోటి నాకు కనపడదు. ఉద్దానం సంగతి మీకు చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని ఖాళీ చేసిందో. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, మంచిదే, కానీ అసలు కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. అక్కడి సంఘాల్లో పనిచెయ్యబోయే కుర్రాడికి ప్రసంగం కంటే ముందు, మంచం పక్కన కూర్చోవడం రావాలి.

ఆ శిక్షణలో వెర్బేటిమ్ అని ఒకటి రాయిస్తారు. రోగితో మాట్లాడి వచ్చాక, తనేమన్నాడు, నువ్వేమన్నావు, మధ్యలో ఎంతసేపు ఊరుకున్నారు, అన్నీ గుర్తున్నంతవరకు కాగితం మీద పెట్టి, గురువు ముందూ తోటివాళ్ళ ముందూ చదవాలి. ఉదాహరణకి డయాలసిస్ మెషీను పక్కన ఒకాయన నాలుగు గంటలుగా పడుకున్నాడనుకోండి, పక్కన స్టూలు మీద భార్య, ఆవిడ చేతిలో నీళ్ళ సీసా, సీసా మీద పెన్నుతో గీసిన గీత, రోజు మొత్తానికి అంతవరకే తాగాలి. ఆయన "దాహం సంపేస్తంది అయ్యగారూ" అన్నాడు. మన కుర్రాడు వెంటనే "ప్రార్థన చేసుకుందామండీ" అని కళ్ళు మూసుకున్నాడు. కాగితం చదివాక గురువు అడుగుతారు: ఆయన దాహం గురించి చెప్తే నువ్వు ఎందుకు తొందరపడ్డావు, ఆయన కోసమా, నీకు ఇబ్బందిగా ఉండా? ఇలా నిలదీసే మనిషి పుస్తకంలో దొరకడు. వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో ఈ క్లినికల్ పాస్టరల్ శిక్షణ చాలాకాలంగా ఇస్తున్నారు, మీ కాలేజీ ఒప్పుకుంటే సెలవుల్లో వెళ్ళొచ్చు. 2018లో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు కొబ్బరి, జీడి తోటలు పోగొట్టుకున్నవాళ్ళతో ఏం మాట్లాడాలో తెలీక బైబిలు వాక్యాలు అప్పజెప్పినవాళ్ళని చూశాను, అందుకే ఇంత చెప్తున్నాను.

చరిత్ర పేపరు తీసుకుంటే మాత్రం మన ఊరి చరిత్ర రాయండి. మార్టిన్ లూథర్ మీద రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ సంగతి, ఆ తర్వాత వచ్చిన కెనడా బాప్టిస్టుల సంగతి పుస్తకాల్లో కొంత ఉంది, మీ సంఘం బీరువాలో చెదలు తింటున్న బాప్తిస్మాల రిజిస్టరులో ఉన్నది మాత్రం ఎక్కడా లేదు. ఇతర మతాల పేపరు కూడా చిన్నచూపు చూడకండి. అరసవల్లి, శ్రీకూర్మం, పైడితల్లి సిరిమానుల మధ్య బతికే పాస్టరుకి పక్కింటివాళ్ళు దేన్ని ఎందుకు మొక్కుతారో వాళ్ళు చెప్పుకునేలాగే తెలియాలి.

ఇంకొక్క మాట. ఈ పట్టా చాలా సెమినరీలకి బెంగాల్లోని సెరంపూర్ సెనేట్ నుంచే వస్తుంది, సెరంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టరు దానికి ఆధారం, రాజమండ్రిలో 1964లో మొదలై హైదరాబాదు చేరిన మన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ కూడా అందులోదే. అందుకని అన్ని కాలేజీలకీ కలిపి వేసిన సిలబస్ కాగితం మీద పేపర్లు బోలెడు కనిపిస్తాయి. చెప్పే సారు సెలవులో ఉంటేనో, క్లాసుకి ముగ్గురే వస్తేనో అవి నడవవు. ముందే ఆఫీసులో కనుక్కోండి, మొదటిది కుదరకపోతే ఏమిటని రెండో ఎంపిక, మూడో ఎంపిక కూడా రాసిపెట్టుకోండి.

సీతంపేట కొండల మీద పనిచెయ్యాలనుకునేవాళ్ళకి అక్కడి సవర గిరిజనుల భాష కావాలి. ఆ పేపరు మీ లిస్టులో ఉండకపోవచ్చు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే సవరలని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ దగ్గర ఆ భాష నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. ఒక గురువు పర్యవేక్షణలో సొంతంగా చదివే పేపరుకి చాలాచోట్ల వీలుంటుంది, దాని కింద ఇది చేస్తానని అడగండి. ఫారం ఇచ్చే వారంలో అడిగితే కుదరదంటారు, ఈ సెలవుల్లోనే అడగండి.