సెప్టెంబరు కవాతులో కేడెట్లు

శ్రోతలకు నమస్కారం.

ఏటా సెప్టెంబరు 15కి దగ్గర్లో వచ్చే ఆదివారం, బ్రిటన్‌లో చాలా ఊళ్లలో, 1940 నాటి బ్రిటన్ గగనయుద్ధానికి గుర్తుగా ఒక కవాతు జరుగుతుంది. బ్యాండు మేళం, మాజీ సైనికులు, వాళ్లతోపాటు యూనిఫారాల్లో ఎయిర్ కేడెట్లు, అంటే వైమానిక దళం తరఫున శిక్షణ పొందే పిల్లలు. పన్నెండేళ్లు దాటినవాళ్ల నుంచి ఇరవై లోపువాళ్ల దాకా ఉంటారు. చర్చిలో ప్రార్థన, స్మారకం దగ్గర పూలచక్రం, కాసేపు మౌనం. చెప్పుకుంటే ఇంతే.

దానికి తయారవడమే అసలు పని. బూటు ముక్కుకి పాలిష్ రాసి, గుడ్డతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ముఖం కనబడేదాకా రుద్దాలి. వరసలో నిలబడ్డాక మోకాళ్లు మరీ బిగబట్టకూడదు, కళ్లు తిరిగి పడిపోతారు. మన ఎన్‌సీసీలో చేసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా ఆ 1940 గగనయుద్ధం కోసం. ఫ్రాన్స్ జర్మనీ చేతిలో పడిపోయింది. సముద్రం దాటి బ్రిటన్‌లో దిగాలంటే హిట్లర్‌కి ముందు ఆకాశం చిక్కాలి. జూలై 10 నుంచి అక్టోబరు 31 దాకా పోరు సాగింది. సెప్టెంబరు 15న లండన్ మీదికి వచ్చిన పెద్ద దాడుల్ని తిప్పికొట్టారు, రెండు రోజులకే హిట్లర్ దండయాత్ర వాయిదా వేశాడు. బ్రిటన్ యుద్ధవిమానాల్లో పేరంతా స్పిట్‌ఫైర్‌కి వచ్చింది గానీ, ఎక్కువ శత్రు విమానాల్ని కూల్చింది హరికేన్లు. రాడార్ల దగ్గర, శత్రు విమానాల జాడ గుర్తించే పటాల బల్లల చుట్టూ పనిచేసిన ఆడపిల్లలు లేకపోతే ఆ రెండూ ఎటు ఎగరాలో తెలిసేది కాదు.

పోరాడిన వైమానికులు దాదాపు 2,900 మంది. అయిదు వందల మందికి పైగా ఆ నెలల్లోనే పోయారు. చాలామందికి ఇరవై, ఇరవై రెండేళ్లు. కవాతులో నడిచే పెద్ద కేడెట్ల కంటే రెండు మూడేళ్లు ఎక్కువ, అంతే. ఆ పోరాడినవాళ్లలో చివరిదాకా బతికున్న ఆఖరివాడు, డబ్లిన్‌లో పుట్టిన జాన్ హెమింగ్‌వే, 105 ఏళ్ల వయసులో 2025 మార్చిలో కన్నుమూశాడు. ఇప్పుడు కేడెట్లు సెల్యూట్ చేయడానికి ఆనాటి పైలట్ ఒక్కరూ లేరు.

ఈ కథలో మన వాటా కూడా ఉంది. ఇంగ్లండ్‌లో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ విమాన స్థావరం నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడిన 152వ స్క్వాడ్రన్, అంటే యుద్ధవిమానాల దళం, పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం విరాళానికి గుర్తుగా వచ్చిన పేరది. దాని చిహ్నంలో ఉన్నది ఆయన తలపాగాయే. విరాళం నిజాందే అనుకోండి, ఆ ఖజానాకి శిస్తు కట్టింది మాత్రం మన తెలంగాణ రైతులు, పక్కనున్న మరాఠీ, కన్నడ రైతులు. ఆ మాట చిహ్నం మీద ఉండదు. బ్రిటన్‌లో చదువుకుంటూ కేడెట్లలో చేరిన తెలుగు పిల్లలెవరైనా ఉంటే, పక్కవాడికి చెప్పవచ్చు.

నమస్కారం.