బాలింతకు పాలు పడాలంటే రొమ్ముకు మసాజ్ ఎట్ల చేయాలె

హోస్ట్: అక్కా, మన నల్లగొండ దిక్కు కాన్పయి మూడు రోజులు గాలె, ఇంట్ల మొదలుపెడ్తరు చూడు, పాలు పడతలేవు డబ్బా పాలు తేండ్రి అని. మీరు దేవరకొండ దిక్కు ఊర్లల్ల బాలింతలను చూస్తరు కదా, మసాజ్ చేస్తే పాలు నిజంగ పెరుగుతయా?

సిస్టర్: పాలు దిగుడుకు సాయమైతది చెల్లె, కానీ తయారయ్యేది మాత్రం పిల్ల గుంజుతేనే. గుంజినప్పుడు తల్లి ఒంట్ల ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పాలు తయారు చేపిస్తది, ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్ వాటిని బయటికి నెడ్తది, మెల్లగ నిమిరి తల్లి నిమ్మలమైతే ఆ ఆక్సిటోసిన్ మంచిగ పనిచేస్తది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు, చెంచాడు చెంచాడే వస్తయి, పిల్ల కడుపు గూడ అప్పుడు గంతే ఉంటది, దాన్ని చూసి పాలు లేవనొద్దు.

హోస్ట్: మరి ముసలోళ్లు నూనె పెట్టి గట్టిగ పిసుకుతరు కదా, ఆ బాలింత ఏడుస్తనే ఉంటది...

సిస్టర్: అస్సలొద్దమ్మా! గడ్డ తగిలిందని పిసికితే లోపల వాపు ఇంకింత పెరుగుతది. చేతులు కడుక్కొని, పాలిచ్చే ముందు గోరువెచ్చని నీళ్లల్ల ముంచి పిండిన బట్ట రెండు మూడు నిమిషాలు పెట్టుకోవాలె, తర్వాత వేళ్ల కొసలతోని చుట్టూరంగ చనుమొన దిక్కు, నిద్రపోయే పసిపిల్ల తల నిమిరినట్టు, అంత తేలికగ. ఇగ బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, నల్లటి భాగానికి కొంచెం వెనుక పెట్టి, ఛాతీ దిక్కు నొక్కి, వేళ్లు దగ్గరికి తెచ్చి వదలాలె. రెండు చుక్కలొస్తే చాలు, వాసనకు పిల్ల నోరు తెరుస్తది. రొమ్ము బిగుసుకపోయి సలుపుతుంటే మాత్రం ఉల్టా, చంక దిక్కు నిమరాలె, వాపు నీరు అటే పోతది, పాలిచ్చినంక చల్లటి బట్ట పెట్టుకోవాలె.

హోస్ట్: ఆపరేషన్ అయినోళ్లకు?

సిస్టర్: కొంచెం లేటైతది, భయపడొద్దు. వీలైతే గంటలోపే పిల్లను ఛాతీ మీద వేయాలె, గుంజకపోతే చేతితోని పిండి చెంచతోని తాపాలె. దినాం 8 నుంచి 12 సార్లు, రాత్రిపూట గూడ, ఎందుకంటే ప్రొలాక్టిన్ రాత్రే ఎక్కువుంటది. నాకు కోపమొచ్చేది ఏందంటే, పథ్యమని బాలింతకు కడుపునిండ తిండి పెట్టరు, నీళ్లు గూడ తక్కువ తాగమంటరు, పైకెల్లి నీకు పాలే లేవని ఆమెనే అంటరు!

హోస్ట్: సరిపోతున్నయని ఎట్ల తెలుస్తదక్కా?

సిస్టర్: 5 రోజులు దాటినంక దినాం 6 సార్లు, అంతకెక్కువ ఉచ్చ పోస్తే, రెండు వారాలల్ల పుట్టినప్పటి బరువుకొస్తే సరిపోతున్నట్టే. ఆశా వర్కర్ 3, 7, 14, 21, 28, 42వ రోజులల్ల ఇంటికొస్తది, తూకం వేపియ్యుండ్రి. జ్వరమొచ్చి రొమ్ము ఎర్రగైతే మాత్రం ఆగకుండ దవాఖానకు పోవాలె, ఆ రొమ్ము పాలు తాపుడు బందు పెట్టొద్దు, పిల్లకేం కాదు.