హాజరు పట్టీలో సత్యనారాయణ

శ్రోతలకు నమస్కారం.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక రోజు పొద్దున్నే మా బడిలోంచి పదిమందిని ఏరి, రెండు వీధుల అవతలున్న ఇంకో బడికి నడిపించుకెళ్ళారు. అక్కడ ఆ రోజు ఇన్‌స్పెక్షన్. అది ఎయిడెడ్ బడి. పిల్లల సంఖ్య తగ్గితే టీచరు పోస్టు పోతుంది. నన్ను మూడో వరసలో కూర్చోబెట్టి, "పేరడిగితే సత్యనారాయణ అని చెప్పు, నసక్కు" అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు, తలలు లెక్కపెట్టారు, కాఫీ తాగారు, వెళ్ళిపోయారు. నన్నేమీ అడగలేదు. మాకు తలా రెండు పప్పుండలు ఇచ్చి పంపేశారు. ఆ సత్యనారాయణ ఎవరో, అసలు ఉన్నాడో లేడో నాకు ఈనాటికీ తెలియదు.

పెద్దయ్యాక నేనూ బడిపంతుల్నే అయ్యాను. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గరికి అమెరికా, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ వైపు వెళ్ళినప్పుడు ఈ సత్యనారాయణ మళ్ళీ గుర్తొచ్చాడు. మనవరాల్ని కిండర్‌గార్టెన్‌లో చేర్చాలి. మా కోడలు చార్టర్ స్కూల్‌కి దరఖాస్తు పెట్టింది. అక్కడి తెలుగు ఇళ్ళలో ఏ ఇద్దరు తల్లులు కలిసినా ఈ మాట వినిపిస్తుంది. "లాటరీలో వచ్చిందా? వెయిట్‌లిస్ట్‌లో ఎంత?" అని.

చార్టర్ స్కూల్ అంటే డబ్బు ప్రభుత్వానిది, నిర్వహణ వేరేవాళ్ళది. ఫీజు ఉండదు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తియ్యాలి. మన ఎయిడెడ్ బడికి దగ్గర చుట్టమే అనుకోండి. కాకపోతే చార్టర్ బడి ఒప్పందానికి గడువుంటుంది. చాలాచోట్ల అయిదేళ్ళు. టీచర్లను ఎలా తీసుకుంటారో, పాఠం ఎలా చెబుతారో, బడి ఎన్ని గంటలు నడుపుతారో మీ ఇష్టం; అయిదేళ్ళ తరవాత పిల్లలకు ఏం వచ్చిందో చూపించండి, లేకపోతే తాళం వేస్తాం అన్నది ఆ ఒప్పందం. దాన్నే చార్టర్ అంటారు.

ఈ ఆలోచనను 1988లో దేశమంతటి ముందు పెట్టినవాడు ఆల్బర్ట్ షాంకర్. ఆయన టీచర్ల యూనియన్ నాయకుడు! టీచర్లే కొత్త పద్ధతులు పరీక్షించుకునే చిన్న బడులుగా వీటిని ఊహించాడు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటి చట్టం చేసింది. మరుసటేడు సెయింట్ పాల్ నగరంలో మొదటి బడి తెరుచుకుంది. వీటి చుట్టూ లాభాల వ్యాపారం చేరడం చూసి, కొన్నేళ్ళకే షాంకర్ తన ఆలోచనకు తనే ఎదురు తిరిగాడు. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాల్లో దాదాపు 37 లక్షలమంది పిల్లలు ఈ బడుల్లో చదువుతున్నారు.

మరి చదువు బాగుందా? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో అనే పరిశోధన కేంద్రం 2009లో లెక్క తీసింది. లెక్కల సబ్జెక్టులో మామూలు ప్రభుత్వ బడుల కంటే మెరుగ్గా ఉన్న చార్టర్ బడులు 17 శాతం. అధ్వానంగా ఉన్నవి 37 శాతం. మిగతావి సమానం. అదే కేంద్రం 2023లో మళ్ళీ చూస్తే, సగటున చార్టర్ పిల్లలే కాస్త ముందున్నారు. చదవడంలో ఏడాదికి 16 రోజుల పాఠం, లెక్కల్లో 6 రోజుల పాఠం ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది. నేర్చుకున్నది రోజుల్లో కొలవడం నాలాంటి పాతకాలపు పంతులికి ఓ పట్టాన మింగుడుపడదు. అది అలా ఉంచండి. ఆ 2023 లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. పూర్తిగా ఆన్‌లైన్లో నడిచే చార్టర్ బడుల పిల్లలు లెక్కల్లో 124 రోజులు వెనకబడ్డారు. బడి ఏడాదంటేనే 180 రోజులు.

ఒహాయో రాష్ట్రంలో ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో అని ఒక ఆన్‌లైన్ చార్టర్ బడి ఉండేది. క్లుప్తంగా ఈకాట్ అనేవారు. మా దగ్గర 15,300 మంది చదువుతున్నారని చెప్పి, ఆ లెక్కన 2015-16లో రాష్ట్రం నుంచి డబ్బు తీసుకుంది. ఒహాయో చట్టం ప్రకారం పిల్లవాడికి ఏడాదికి 920 గంటల చదువు అందాలి. అంతకుముందు అధికారులు చేరిక కాగితాలు చూసి సంతకం పెట్టేవారు. 2016లో మాత్రం కంప్యూటర్ లాగిన్ రికార్డులు తెమ్మన్నారు. ఎవరు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, మధ్యలో ఏం చేశారు, అన్నీ చూపించమన్నారు. చూస్తే, చాలామంది రోజుకు గంటసేపు కూడా లేరు. రుజువు దొరికింది సుమారు 6,300 మందికి. మిగిలిన తొమ్మిదివేల మంది సత్యనారాయణలే! ఆ ఒక్క ఏడాదికే 6 కోట్ల డాలర్లు వెనక్కి కట్టమన్నారు. బడి కోర్టుకెక్కింది. పాఠం అందుబాటులో పెట్టడం వరకే మా పని, పిల్లవాడు చదివాడని మేమెందుకు చూపించాలి అని వాదించింది. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ వాదన ఒప్పుకోలేదు.

బడి మోసం చేసిందని నలుగురం తిట్టుకుని ఊరుకోవచ్చు. నాకు అంతకంటే కొట్టొచ్చినట్టు కనిపించినవాడు కాపలావాడు. ప్రతి చార్టర్ బడికీ అనుమతిచ్చి, పైనుంచి కనిపెట్టి ఉండే సంస్థ ఒకటుంటుంది. ఆథరైజర్ అంటారు, ఒహాయోలో స్పాన్సర్ అంటారు. అక్కడ బడికొచ్చే ప్రభుత్వ డబ్బులో 3 శాతం దాకా ఆ స్పాన్సర్ ఫీజుగా తీసుకోవచ్చు. అంటే పిల్లల సంఖ్య పెరిగితే కాపలావాడి జీతం పెరుగుతుంది. ఇక వాడు తలలెందుకు లెక్కపెడతాడు? మా ఇన్‌స్పెక్టరుగారు నయం, కాఫీతో సరిపెట్టుకున్నారు. పైగా బడిని నడిపే కంపెనీ, పాఠాల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ, రెండూ ఆ బడి స్థాపకుడివే.

చివరికి డబ్బు అడుగంటుతోందని తెలిశాక స్పాన్సర్ చెయ్యి వదిలేసింది. 2018 జనవరిలో, సరిగ్గా విద్యాసంవత్సరం మధ్యలో బడి మూతపడింది. సుమారు పన్నెండువేల మంది పిల్లలు ఉన్నపళంగా వేరే బడి వెతుక్కోవాల్సి వచ్చింది. వాళ్ళలో మామూలు బడిలో ఇమడలేక అక్కడికొచ్చినవాళ్ళున్నారు, అనారోగ్యంతో ఇల్లు కదలలేనివాళ్ళున్నారు. అయిదేళ్ళ తరవాత తాళం వేస్తామని ఒప్పందంలో రాయడం తేలికే. ఏ నెలలో వేస్తాం, ఆ పిల్లల్ని ఎక్కడ చేరుస్తాం, రికార్డులు ఎవరు అందిస్తారు అన్నవి మొదటిరోజే రాయించుకోవాలి. పెళ్ళిలో విడాకుల మాట ఎత్తినట్టుంటుందని కాబోలు, ఎవరూ ఎత్తరు.

టెక్సస్‌లో ఈ విషయంలో కాస్త గట్టి చట్టమే తెచ్చారు. 2013 నుంచి, చదువులో గానీ డబ్బు నిర్వహణలో గానీ వరసగా మూడేళ్ళు తప్పితే చార్టర్ రద్దు చేసి తీరాలి. అధికారి మొహమాటపడడానికి వీల్లేదు. ప్రతి బడికీ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఇచ్చి అందరికీ కనబడేలా పెడతారు. నేనైతే గ్రేడు ఒక్కటే చూడను. వాషింగ్టన్ డి.సి.లో చార్టర్ బోర్డు ఏ బడి ఎంతమందిని సస్పెండ్ చేసింది, ఏడాది మధ్యలో ఎంతమంది వెళ్ళిపోయారు అన్న లెక్కలు కూడా బయటపెట్టింది. అది పనికొచ్చే లెక్క. లాటరీలో అందరినీ చేర్చుకుని, వెనకబడ్డవాళ్ళని మెల్లగా సాగనంపి, మిగిలినవాళ్ళ మార్కులు చూపించే బడి ఎక్కడైనా ఉంటుంది. మన కార్పొరేట్ కాలేజీల సెక్షన్ల విభజన చూసినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మా మనవరాలికి మొదట సీటు రాలేదు. ఆగస్టులో ఎవరో ఊరు మారితే పిలుపొచ్చింది. మూడు నెలలకే లెక్కల టీచర్లు ఇద్దరు మానేశారు. చార్టర్ బడుల పాలక బోర్డు సమావేశానికి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చని చట్టం. "మామయ్యగారూ, మీరూ రండి" అని కోడలు నన్ను వెంటబెట్టుకెళ్ళింది. జనం కోసం ముప్ఫై కుర్చీలు వేశారు. మేమిద్దరం, వెనకాల కునుకు తీస్తున్న ఒక పెద్దమనిషి, అంతే. మా కోడలికి మాట్లాడడానికి మూడు నిమిషాలిచ్చారు. టీచర్లు ఎందుకు వెళ్ళారని అడిగింది. ఎజెండాలో లేని విషయం, ఇప్పుడు జవాబు చెప్పలేం, వచ్చే నెల పెడతాం అన్నారు. వచ్చే నెల మళ్ళీ వెళ్ళాం. ఈసారి పదకొండు మంది తల్లిదండ్రులు వచ్చారు. టీచర్ల విషయం ఎజెండాలో నాలుగో అంశంగా ఉంది.