సముద్రంలో ఈతకు వెళ్తున్నారా? ఈత శిక్షకుడితో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. తిరుపతి స్టూడియోలో ఈ రోజు మనతో ఈత శిక్షకులు ఉన్నారు. సెలవులకు అండమాన్ వెళ్లేవాళ్ల సందేహాలు తీరుస్తారు. మొదటి ఫోను పుత్తూరు నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. డిసెంబరులో స్నేహితులం నలుగురం అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్తున్నాం. అక్కడి రాధానగర్ బీచిలో ఈత కొట్టాలి, బోర్డు మీద నిలబడి అలలపై జారే సర్ఫింగ్ నేర్చుకోవాలి అనుకుంటున్నాం. నాకు ఈత వచ్చు సార్. చిన్నప్పుడు మా మామయ్య నడుముకు బెండు కట్టి బావిలో దించి నేర్పారు.

శిక్షకుడు: సంతోషం నాన్నా. బావిలో నేర్చుకున్నవాడికి లోతంటే భయం ఉండదు, అది పెద్ద బలం. కానీ బావిలో నాలుగు బారలు వేస్తే మెట్టు చేతికందుతుంది. సముద్రంలో నువ్వు కదలకపోయినా నీళ్లు నిన్ను పక్కకు జరుపుతూనే ఉంటాయి. వెళ్లేలోపు ఏదైనా ఈత కొలనులో ఆగకుండా 200 మీటర్లు ఈది చూసుకో. ఆ వెంటనే, గట్టు పట్టుకోకుండా పది నిమిషాలు వెల్లకిలా తేలు. అలసిపోయాక తేలగలవా లేదా అన్నదే నాకు ముఖ్యం.

శ్రోత: సర్ఫింగ్ సంగతి సార్?

శిక్షకుడు: రాధానగర్ ఈతకు అనువైన బీచి. తెల్లటి ఇసుక, మెల్లగా పెరిగే లోతు. శుభ్రంగా, సురక్షితంగా ఉండే బీచిలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ కూడా 2020లో వచ్చింది. కానీ డిసెంబరులో అక్కడ బోర్డు మీద నిలబెట్టే అల సాధారణంగా ఉండదు. అల పెద్దగా లేచే వర్షాకాలంలో నీళ్లలో దిగడమే ప్రమాదం. అండమాన్‌లో సర్ఫింగుకు పేరున్నది లిటిల్ అండమాన్ దీవి, అక్కడి బట్లర్ బే. అది వేరే దీవి, ఓడలో చాలా గంటల ప్రయాణం. పైగా ఆ దీవి చుట్టూ చాలాచోట్ల అల పగడపు దిబ్బల మీద విరుగుతుంది. కొత్తవాడు పడితే ఒళ్లు చీరుకుపోతుంది.

నా మాట విని ముందు కోవళం వెళ్లు. కేరళది కాదు, చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే దారిలోది. జాలరి కుటుంబాల కుర్రాళ్లే అక్కడ సర్ఫింగ్ నేర్పుతున్నారు. మెత్తటి ఫోమ్ బోర్డు ఇచ్చి, దాని తాడు చీలమండకు కడతారు. పడేటప్పుడు తల ముందుకు పెట్టి దూకవద్దు, వెల్లకిలా పరుచుకున్నట్టు పడాలి. పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకోవాలి, ఎందుకంటే బోర్డు నీ మీదికే తిరిగి వస్తుంది.

వ్యాఖ్యాత: ఈత బాగా వచ్చినవాళ్లు కూడా సముద్రంలో కొట్టుకుపోతుంటారు. ఎందుకంటారు?

శిక్షకుడు: రిప్ కరెంట్ వల్లనండి. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా వెనక్కి పోవాలి కదా. నిండిన చెరువు కలుజు గుండా పారినట్టు, ఆ నీరు ఒక ఇరుకు దారి చూసుకుని లోపలికి పోతుంది. ఆ దారిలో అలలు అంతగా విరగవు. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో కాస్త ముదురు రంగులో నిమ్మళంగా కనిపించే పాయ. పిల్లల్ని దించడానికి అదే మంచి చోటని చాలామంది పొరబడతారు! దిగేముందు ఒడ్డున ఐదు నిమిషాలు నిలబడి అలల్ని చూడండి. ఒకవేళ అందులో చిక్కుకుంటే, ఒడ్డు వైపు ఎదురీదవద్దు. ఒలింపిక్ ఈతగాడైనా దానికి ఎదురు నిలవలేడు. అది లోపలికి లాగుతుందే తప్ప అడుక్కి లాగదు. తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈదండి, పాయ దాటాక అలలతోపాటు ఏటవాలుగా ఒడ్డుకు రండి.

వ్యాఖ్యాత: చిత్తూరు నుంచి ఒక అమ్మ లైనులో ఉన్నారు.

శ్రోత: సార్, మేము పిల్లలతో వెళ్తున్నాం. అక్కడ మొసళ్లు ఉంటాయని విన్నాను, నిజమేనా?

శిక్షకుడు: నిజమేనమ్మా. ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లో, వాగులు సముద్రంలో కలిసేచోట్ల ఉంటాయి. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. అందుకని జనం లేని మూలలకు వెళ్లవద్దు. లైఫ్‌గార్డులు చూపిన చోటే, వాళ్ల కళ్ల ముందే దిగండి. హెచ్చరిక బోర్డు ఉంటే కాలు కూడా తడపవద్దు. అక్కడ పొద్దు తొందరగా గూకుతుంది, డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతానికే. ఆలోపే పిల్లల్ని నీళ్లలోంచి పైకి తెచ్చేయండి. చిన్నవాళ్లు మీ చేతికందే దూరంలోనే ఉండాలి. గాలి నింపిన రబ్బరు ట్యూబును అసలు నమ్మకండమ్మా, గాలి తిరిగిందంటే లోపలికి తీసుకుపోతుంది.

శ్రోత: మంచిది సార్. టికెట్టులో హేవ్‌లాక్ అని లేదు, స్వరాజ్ ద్వీప్ అని ఉంది.

శిక్షకుడు: అదే దీవి, కంగారు పడకండి. 2018లో పేరు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. ఇంకొకటమ్మా, స్కూబా డైవింగ్ చేసేటట్టయితే తిరుగు విమానానికి ముందురోజు పెట్టుకోవద్దు. డైవింగుకూ విమానానికీ మధ్య 24 గంటలు ఉండేలా చూసుకోండి, మొదటి రోజుల్లోనే ముగించేయండి.