రాడార్ గన్ ఒక్కటే చాలదు: కాలేజ్ కోచ్‌లు సాఫ్ట్‌బాల్ పిచర్‌లో ఏం చూస్తారు

(సాయంత్రం, పార్క్. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నా, ఒళ్ళో క్యాచర్ మిట్, అంటే బాల్ పట్టే పెద్ద గ్లోవ్.)

నమస్తే అండి అందరికీ. ఈ బకెట్ మీద నేను కూర్చోవడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. మా పాప అదిగో అక్కడ నిలబడి బాల్ వేస్తుంది, నేను ఇక్కడ పడతా, వారానికి నాలుగు సాయంత్రాలు, డల్లాస్ ఎండల్లో కూడా. పిచర్ల నాన్నల్ని ఇక్కడ బకెట్ డాడ్ అనే పిలుస్తారు. ఇప్పుడు తను పదకొండో క్లాసు, కాలేజ్ రిక్రూటింగ్, అంటే కాలేజ్ టీములు పిల్లల్ని ఎంచుకునే పని, దాని మధ్యలో ఉన్నాం. మన తెలుగు వాళ్ళలో ఆడపిల్లల్ని సాఫ్ట్‌బాల్‌లో వేసినవాళ్ళు కొందరు నాకు ఫోన్ చేస్తుంటారు, వాళ్ళందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "అన్నా, ఎన్ని మైళ్ళ స్పీడ్ వేస్తే కాలేజ్‌లో తీసుకుంటారు?" అని. ఎంసెట్‌లో ఎంత ర్యాంకొస్తే సీటొస్తుంది అన్నట్టు. నేనూ మొదటి మూడేళ్ళు అలాగే ఆలోచించా, అందుకే ఈ వీడియో చేస్తున్నా.

ఇండియాలో ఉండి చూసేవాళ్ళ కోసం రెండు ముక్కలు. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కి చెల్లెలు లాంటిది, మన దగ్గర కూడా ఆడతారు, అనంతపురం ఆర్డీటీలో ఆడపిల్లలకి నేర్పిస్తారు. పిచర్ అంటే మన బౌలర్ అనుకోండి, కాకపోతే పరిగెత్తుకుంటూ రాదు, నిలబడిన చోటి నుంచే చెయ్యి గిర్రున ఒక చుట్టు తిప్పి, తుంటి పక్క నుంచి, కింద నుంచి వదులుతుంది. దాన్ని విండ్‌మిల్ అంటారు. ఏడు ఇన్నింగ్స్ ఆట, ప్రతి బాల్ ఆ అమ్మాయి చేతిలోంచే మొదలవుతుంది. అందుకే కాలేజ్ కోచ్‌లు అందరికంటే ముందు వెతికేది పిచర్నే, అందరికంటే ఎక్కువ వడగట్టేది కూడా పిచర్నే, ఎందుకంటే ఒక టీమ్‌కి కావాల్సింది నలుగురైదుగురే.

సరే, స్పీడ్ సంగతి. స్పీడ్ ముఖ్యం కాదని నేను అబద్ధం చెప్పను. కాలేజ్‌లో పిచింగ్ ప్లేట్ నుంచి బ్యాటర్ దాకా 43 అడుగులు, మన క్రికెట్‌లో వికెట్ నుంచి వికెట్‌కి 66 అడుగులు కదా, అంటే ఎంత దగ్గరో చూడండి. గంటకి 65 మైళ్ళతో వేస్తే ఆ 43 అడుగులు దాటడానికి 0.45 సెకన్లు పడుతుంది, అది కూడా పిచర్ అడుగు ముందుకేసి వదులుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. కాలేజ్ ఆటల్లో మూడు డివిజన్లు ఉంటాయి, అన్నిటికంటే పైది డివిజన్ 1. అందులోని పెద్ద టీముల్లో 65 వేసేవాళ్ళు మామూలే, 70 దాటినవాళ్ళు కూడా ఉన్నారు, టెనెసీ అమ్మాయి కార్లిన్ పికెన్స్ అయితే 2025లో 79.4 వేసింది. కాబట్టి రాడార్ గన్ (స్పీడ్ కొలిచే మెషిన్) మీద అంకె బాగుంటే కోచ్ తలెత్తి చూస్తాడు, చూడకుండా ఎలా ఉంటాడు. కానీ తలెత్తి చూసినవాడు ఇన్నింగ్స్ అయ్యేదాకా అక్కడే కూర్చోవాలంటే ఆ అంకె సరిపోదు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇద్దరు ఎడమచేతి వాళ్ళు, మోనికా ఆబట్, క్యాట్ ఆస్టర్‌మన్. ఇద్దరూ 2008 బీజింగ్‌లో, మళ్ళీ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికాకి ఆడి సిల్వర్ తెచ్చినవాళ్ళు. ఆబట్ 2012లో 77 మైళ్ళు వేసి గిన్నిస్ రికార్డు కొట్టింది. ఆస్టర్‌మన్ స్పీడ్ దానికి చాలా కింద, 60ల్లోనే, అయినా టెక్సస్ యూనివర్సిటీలో ఆడిన నాలుగు సీజన్లలో 2,265 మందిని స్ట్రైకవుట్ చేసింది, అంటే మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేసింది (స్ట్రైక్ అంటే బ్యాటర్ తిప్పి మిస్సయిన బాల్, లేదా కొట్టగలిగే చోట పడినా వదిలేసిన బాల్). ఎలా అంటే బాల్ బ్యాటర్ దగ్గరికొచ్చాక కిందకి జారిపోయేది, పక్కకి తప్పుకునేది, బ్యాటు అక్కడికి వెళ్ళేసరికి బాల్ అక్కడ ఉండేది కాదు.

అందుకని స్పీడ్ తర్వాత కోచ్ చూసేది స్పిన్, లొకేషన్, ఛేంజప్. ఈ మూడిట్లో ఛేంజప్ గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే మన పిల్లలు అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకునేది ఇదే, నాకైతే ఇదే అన్నిటికంటే ముందు నేర్పాల్సింది అనిపిస్తుంది.

ఛేంజప్ అంటే బుమ్రా స్లోయర్ బాల్ గుర్తు తెచ్చుకోండి. చెయ్యి తిరిగే వేగం అదే, ముఖం అదే, అడుగు అదే, బాల్ మాత్రం నింపాదిగా వస్తుంది. 65 వేసే అమ్మాయి 48తో ఛేంజప్ వేస్తే ఆ బాల్ రావడానికి 0.61 సెకన్లు, అంటే మామూలు బాల్ కంటే 0.16 సెకన్లు లేటు. అంతేనా అనిపిస్తుంది, కానీ బ్యాట్ ఒకసారి తిరగడానికి పట్టే టైమే ఇంచుమించు అంత. బ్యాటర్ తిప్పేసి అయిపోయాక బాల్ వస్తుందన్నమాట. ఒకసారి అలా మోసపోయిన అమ్మాయి తర్వాత మామూలు బాల్‌కి కూడా తటపటాయిస్తుంది, అక్కడ మన పిల్ల 60 వేసినా 65లా కనిపిస్తుంది. చాలామంది పిల్లలు చేసే తప్పు ఏంటంటే ఛేంజప్ వేసేటప్పుడు చెయ్యి నెమ్మది చేసేస్తారు, లేదా వేసే ముందు గ్లోవ్‌లో బాల్‌ని అటూ ఇటూ తిప్పుతూ పట్టు మార్చుకుంటారు, కాలేజ్ బ్యాటర్లు అది పట్టేస్తారు, బ్యాక్‌స్టాప్ (క్యాచర్ వెనక కంచె) వెనక కూర్చున్న కోచ్ వాళ్ళకంటే ముందే పట్టేస్తాడు. మా పాపకి ఇది పోవడానికి ఏడాదిన్నర పట్టింది, అద్దం ముందు నిలబెట్టి చేయించా.

లొకేషన్ అంటే అడిగిన చోట వెయ్యడం. బ్యాటర్ పక్కన నిలబడే హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, దాని మధ్యలో వేస్తే ఎంత స్పీడైనా కొట్టేస్తారు, రెండు అంచులే పిచర్ బతుకు. కోచ్‌లు చూసేదేంటంటే క్యాచర్ మిట్ ఎక్కడ పెట్టింది, బాల్ వచ్చాక మిట్ ఎంత దూరం జరిగింది అని. కొంచెమే జరిగితే నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ఇంకా మొదటి బాల్ స్ట్రైకా కాదా అనేది లెక్కపెడతారు, వాక్స్ (నాలుగు బాల్స్ తప్పు చోట వేసి బ్యాటర్‌ని ఊరికే మొదటి బేస్‌కి పంపడం) ఎన్ని ఇచ్చింది, ఎంతమందిని స్ట్రైకవుట్ చేసింది పక్కపక్కన పెట్టి చూస్తారు.

స్పిన్ గురించి ఒక్క మాట. రైజ్ బాల్ అని ఒకటుంది, పైకి లేస్తుందని అందరూ అంటారు, నిజానికి బాల్ పైకి లేవదు, వెనక్కి తిరిగే స్పిన్ వల్ల పడాల్సినంత కిందకి పడదు, దాంతో కంటికి లేచినట్టు అనిపిస్తుంది. పన్నెండేళ్ళ పిల్లలు రైజ్ బాల్ వేస్తున్నాం అని వేసేది చాలావరకు తుపాకీ గుండులా తిరుగుతూ ఎత్తుగా వెళ్ళే మామూలు బాలే, దానికి లెసన్స్ డబ్బులు పోయకండి. ముందు డ్రాప్ బాల్ (కిందకి జారే బాల్), ఛేంజప్ గట్టిపడనివ్వండి.

ఎత్తు అడుగుతారు అందరూ. ఎత్తున్నవాళ్ళని ఇష్టపడతారు, నిజమే, అది మన చేతిలో లేదు, ముందుకెళ్దాం.

ఇప్పుడు నేను ఈ వీడియో అసలు ఎందుకు పెట్టానో ఆ విషయం.

(కెమెరా దగ్గరికి జరుగుతా.)

పోయిన ఏడాది వేసవిలో ఒక టోర్నమెంట్. మా పాప మూడు ఇన్నింగ్స్ చాలా బాగా వేసింది, స్టాండ్స్‌లో ఒక కాలేజ్ కోచ్ కూర్చుని చూస్తున్నారు, మాకు కావాల్సిన కాలేజే. నాలుగో ఇన్నింగ్స్‌లో వరసగా ఇద్దరికి వాక్ ఇచ్చింది, తర్వాత షార్ట్‌స్టాప్‌లో (రెండు, మూడు బేస్‌ల మధ్య) ఫీల్డింగ్ చేసే అమ్మాయి చేతిలోకొచ్చిన బాల్ వదిలేసింది. నేను కంచె వెనక నుంచి "కిందకి వెయ్యమ్మా, కిందకి! భుజం, భుజం!" అని అరుస్తూనే ఉన్నా, తెలుగులో కదా ఎవరికీ తెలీదులే అనుకున్నా. తను బాల్ బాల్‌కీ నా వైపు చూస్తోంది. షార్ట్‌స్టాప్ అమ్మాయి మళ్ళీ తడబడితే మా పాప చేతులు గాల్లోకి ఎత్తింది. ఆ ఇన్నింగ్స్ అవ్వకముందే ఆ కోచ్ లేచి పక్క ఫీల్డ్‌కి వెళ్ళిపోయారు. సాయంత్రం మా ట్రావెల్ టీమ్ (స్కూల్ బయట టోర్నమెంట్లు ఆడే క్లబ్ టీమ్) కోచ్ నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పారు, ఆ కాలేజ్ కోచ్ ఒక్క ప్రశ్నే అడిగారట, మా కాలేజ్‌కి వస్తే నాన్న కూడా వస్తాడా అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. పాప చెయ్యి బాగుంది, బాల్ బాగుంది, నేనే అడ్డం పడ్డా.

తర్వాత చాలామంది కోచ్‌లతో మాట్లాడితే అర్థమైంది, వాళ్ళు కావాలనే పిచర్ కష్టాల్లో ఉన్నప్పుడు చూడ్డానికి వస్తారు. హోమ్ రన్ కొట్టించుకున్నాక తర్వాతి బాల్ ఎలా వేస్తుంది, తప్పు చేసిన అమ్మాయి వైపు ఎలా చూస్తుంది, అంపైర్ స్ట్రైక్ ఇవ్వకపోతే ముఖం ఎలా పెడుతుంది. తన ఆట లేనప్పుడు డగౌట్‌లో ఏం చేస్తుందో కూడా చూస్తారు, తన బ్యాగ్ తనే మోస్తుందా, వాళ్ళమ్మతో ఎలా మాట్లాడుతుంది అని పార్కింగ్ దాకా చూసేవాళ్ళున్నారు. స్పీడ్ రెండు మైళ్ళు పెంచడం వాళ్ళకి వచ్చు, వెయిట్ రూమ్ ఉంది, పిచింగ్ కోచ్ ఉన్నారు, ఈ గుణం మాత్రం ఇంటి నుంచి రావాల్సిందే అని ఒక కోచ్ నాతో సూటిగానే అన్నారు. అప్పటి నుంచి నేను మ్యాచ్‌లో అవుట్‌ఫీల్డ్ చివర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నా. తను ఒక పద్ధతి పెట్టుకుంది, చెడ్డ బాల్ పడగానే పిచర్ నిలబడే సర్కిల్ వెనక్కి నడిచి, మట్టి ముట్టుకుని, ఊపిరి వదిలి, మళ్ళీ వస్తుంది. ఎవరూ నేర్పలేదు, తనే పెట్టుకుంది.

భుజం గురించి కూడా గట్టిగా చెప్పాలి. కింద నుంచి వేస్తారు కాబట్టి చెయ్యి నొప్పి రాదు అనే మాట నమ్మకండి, భుజం ముందు భాగం, బైసెప్స్ మీద బరువు చాలా పడుతుంది. బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచర్ యుకికో ఉఎనో రెండు రోజుల్లో 413 బాల్స్ వేసి గోల్డ్ తెచ్చింది, అది చూసి మన పదమూడేళ్ళ పిల్లతో శని ఆదివారాలు ఐదు మ్యాచ్‌లు వేయించకండి. దెబ్బలు తగిలిన చరిత్ర గురించి కోచ్‌లు తప్పకుండా అడుగుతారు.

చదువు విషయం మన ఇళ్ళల్లో చెప్పక్కర్లేదు, కానీ లెక్క తెలుసుకోండి. డివిజన్ 1 ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీష్, మ్యాథ్స్, సైన్స్ లాంటివి), వాటిల్లో 4కి 2.3 జీపీఏ (సగటు మార్కు) కనీసం. అది కనీసమే, మంచి మార్కులుంటే వచ్చే లాభం వేరే. డివిజన్ 3 కాలేజీలు, హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి, డివిజన్ 3లో చాలా చోట్ల మార్కులు చూసి కూడా ఇస్తారు. డివిజన్ 1లో కూడా మొన్నమొన్నటిదాకా టీమ్ మొత్తానికి 12 స్కాలర్‌షిప్పులే, వాటినే ఇరవైమందికి ముక్కలు చేసి పంచేవాళ్ళు. కాలేజ్ ఆటగాళ్ళు వేసిన కేసులో 2025 కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత అందులో చేరిన కాలేజీలకి టీమ్‌లో 25 మందే ఉండాలనే రోస్టర్ పరిమితి వచ్చింది, ఎంతమందికి ఇవ్వాలన్నది వాళ్ళ బడ్జెట్. పిచర్ నైజరీ కెనడీ 2024లో టెక్సస్ టెక్‌కి మారినప్పుడు పది లక్షల డాలర్లు దాటిన డీల్ అని పేపర్లో చదివి ఆశపడేవాళ్ళున్నారు, ఆ అమ్మాయి అప్పటికే దేశంలో బెస్ట్ ప్లేయర్ అవార్డు తీసుకున్న పిల్ల.

తేదీలు రాసుకోండి. డివిజన్ 1 కోచ్ మీ అమ్మాయితో నేరుగా రిక్రూటింగ్ మాట్లాడగలిగేది పదకొండో క్లాసు సెప్టెంబర్ 1 నుంచి. 2018లో ఈ రూల్ రాకముందు ఎనిమిదో క్లాసు పిల్లలే ఫలానా కాలేజ్‌కి వస్తామని మాట ఇచ్చేసేవాళ్ళు. డివిజన్ 2 అయితే పదో క్లాసు అయ్యాక జూన్ 15. ఆ లోపు వాళ్ళు జవాబివ్వకపోయినా మనం ఈమెయిల్ పంపొచ్చు, వాళ్ళు చదువుతారు.

కోచ్‌లకి పంపే వీడియో రెండు మూడు నిమిషాలకి మించొద్దు, పాటలు, స్లో మోషన్ వద్దు. క్యాచర్ వెనక నుంచి ఒక కోణం, పక్క నుంచి ఒక కోణం, ఏ బాల్ వేస్తుందో ముందే చెప్పి వెయ్యాలి. ఈమెయిల్ మాత్రం అమ్మాయే రాయాలి, దయచేసి మీరు రాయకండి, నాన్న రాసిన ఇంగ్లీష్ కోచ్‌లకి మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది. మా పాప ఆ లేచి వెళ్ళిపోయిన కోచ్‌కి రాసిన మొదటి ఈమెయిల్‌లో గ్రాడ్యుయేషన్ ఏడాది, ఏ చేత్తో వేస్తుంది, జీపీఏ, వచ్చే మూడు టోర్నమెంట్ల షెడ్యూల్ పెట్టి, చివర్లో "పోయినసారి మీరు నాలుగో ఇన్నింగ్స్‌లో వెళ్ళిపోయారు, ఈసారి ఐదో ఇన్నింగ్స్ కూడా చూడండి" అని రాసింది. నాకు చూపించకుండానే పంపేసింది. ఆ కోచ్ వచ్చారు, ఏడు ఇన్నింగ్స్ కూర్చున్నారు.